పరిశోధన వెనుక ఉండే కార్యాలయం: ఒక చరిత్ర

మలేరియా క్రిమి దోమ కడుపులో మొదటిసారిగా మనిషి కంటబడింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న బేగంపేట ఆసుపత్రిలో రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు సూక్ష్మదర్శిని కింద దాన్ని చూశాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమతెరలో పడుకొని దోమల చేత కుట్టించుకొన్నాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతడికి ముట్టింది. ఆ అణాలు రాస్ సొంత జేబులోనివి. ఈ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తరువాత జరిగినది అంతగా తెలిసి ఉండదు.

ఆ మరుసటి నెలలోనే రాస్‌కు బదిలీ ఉత్తర్వు వచ్చింది. రాజపుత్ర స్థానంలోని ఖేర్వారా అనే చోటికి పొమ్మన్నారు. మలేరియా మీద పనిచేయడానికి అక్కడ తగిన రోగులే లేరు. ప్రపంచాన్ని మార్చగల పని సగంలో ఆగిపోయింది. ఉత్తర్వు ఇచ్చినవారు దుర్మార్గులు కారు. వారి దృష్టిలో రాస్ ఒక సైనిక వైద్యుడు. ఆయన దోమలను కోసి చూడడం ఆయన సరదా. అప్పుడు లండనులో ఉన్న పాట్రిక్ మాన్సన్ అనే పెద్దాయన కలగజేసుకొన్నాడు. రాస్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ధైర్యం చెప్పాడు. అధికారుల గడపలు తొక్కి, రాస్‌ను పరిశోధన కోసమే కలకత్తాలో ప్రత్యేక విధిపై నియమించేలా చేశాడు. 1898లో రాస్ అక్కడే పక్షుల మలేరియాలో దోమ పాత్రను పూర్తిగా నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

మాన్సన్ తన పలుకుబడితో ఒంటరిగా చేసిన ఆ పనిని నేడు విశ్వవిద్యాలయాలలో, పరిశోధన సంస్థలలో ఒక కార్యాలయం చేస్తుంది. నిధులు ఎక్కడ దొరుకుతాయో వెదకడం, ఒప్పందాలు చదవడం, అనుమతులు తేవడం, లెక్కలు అప్పజెప్పడం, శాస్త్రవేత్తకు అడ్డుపడే కాగితాన్ని అతడికంటే ముందుగా చూడడం దాని పని. ఆరోగ్య విషయాలు రాసే ఈ చోట కార్యాలయాల చరిత్ర ఎందుకని మీరు అడగవచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చి, మంచం పట్టకుండా, ఊరు విడవకుండా మాత్రలు మింగి బాగుపడి ఉంటే, దానికి కారణమైన పరిశోధన విదేశీ భాగస్వామ్యంతో మన దేశంలో జరిగినదే. అలాంటి మరొక పరిశోధన సరైన కాగితం లేక మన ఖమ్మం జిల్లాలో అభాసుపాలైంది. రెండూ చెబుతాను.

మొదట మద్రాసు సంగతి. 1950ల నాటికి క్షయకు మందులు వచ్చాయి గాని, రోగిని శానిటోరియంలో ఏడాది పాటు ఉంచి, విశ్రాంతినీ పుష్టికరమైన ఆహారాన్నీ ఇవ్వాలన్న నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. మన దేశంలో ఉన్న మంచాలు ఎన్ని, రోగులు ఎందరు! లక్షల మందికి మంచం ఎన్నటికీ దొరకదు. 1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్సా కేంద్రాన్ని నెలకొల్పారు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, ఈ నాలుగూ అందులో భాగస్వాములు. వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ వైద్యుడు మొదటి అయిదేళ్లూ దానికి సారథ్యం వహించాడు.

193 మంది పేద రోగులను యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టు శానిటోరియానికి, ఇంకొక జట్టు తమ ఇరుకు ఇళ్లకే. ఇద్దరికీ మందులు ఒక్కటే: ఐసోనియాజిడ్, పాస్. ఇంట్లో ఉన్నవారు తిండికీ గాలికీ కూడా కరువున్నవారు. అయినా ఏడాది తిరిగేసరికి రెండు జట్ల ఫలితాల్లో చెప్పుకోదగిన తేడా లేదు. ఇంట్లోని పిల్లలకూ పెద్దలకూ అదనపు ముప్పేమీ కలగలేదు. 1959లో ఈ ఫలితాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడ్డాయి. శానిటోరియాల యుగం అక్కడి నుంచే వెనకడుగు వేసింది.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ మందులనే పొగడుతారు. నాకు మాత్రం ఆ ప్రయోగంలోని నిర్వహణే ఎక్కువ అబ్బురంగా తోస్తుంది. ఆరోగ్య సందర్శకులు ముందుగా చెప్పకుండా ఇళ్లకు వెళ్లి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు. రోగి నిజంగా మందు మింగాడా లేదా అని మూత్ర పరీక్ష చేసేవారు. ఏ ఇంటికి ఎవరు ఎప్పుడు వెళ్లారు, ఎన్ని మాత్రలు మిగిలాయి, రోగి రాకపోతే ఎవరు వెతికారు అన్నవన్నీ రాతపూర్వకంగా ఉండేవి. నలుగురు యజమానులున్న పనిలో నాలుగు రకాల లెక్కలు, నాలుగు రకాల సంతకాలు తప్పవు. వాటిని ఎవరో ఒకరు మోయబట్టే వైద్యులు రోగుల దగ్గర ఉండగలిగారు. అయిదేళ్ల కోసమని మొదలైన ఆ కేంద్రం శాశ్వత సంస్థగా నిలబడి, నేడు జాతీయ క్షయ పరిశోధన సంస్థ అన్న పేరుతో చెన్నైలో పనిచేస్తూనే ఉంది.

అదే కాలంలో అమెరికాలో ఈ మోత పని ఒక వృత్తిగా రూపు కట్టుకొంటోంది. రెండవ ప్రపంచ యుద్ధంలో అక్కడి ప్రభుత్వం ఆయుధాల నుంచి పెన్సిలిన్ వరకు అనేక పరిశోధనలను విశ్వవిద్యాలయాలకు ఒప్పందాల మీద అప్పగించింది. డబ్బు వచ్చింది, డబ్బుతో పాటు లెక్క అడిగే అధికారీ వచ్చాడు. ప్రయోగశాలకు వెలిగే దీపానికి ఎవరు చెల్లించాలి, గుమాస్తా జీతం ఏ పద్దులో వేయాలి అన్న ప్రశ్నలు లేచాయి. దానికి దొరికిన జవాబే పరోక్ష వ్యయం. అంటే పరిశోధనకు నేరుగా అయ్యే ఖర్చు మీద సంస్థ నిర్వహణకు అదనంగా ఇచ్చే వాటా. యుద్ధం ముగిశాక జాతీయ ఆరోగ్య సంస్థల నిధులు ఏటికేడు పెరిగాయి. నిధుల వ్యవహారం చూసేవారు 1959లో ఒక జాతీయ సంఘం, 1967లో మరొక సంఘం పెట్టుకొన్నారు. పరిశోధన నిర్వహణ అనేది ఒక చదువుగా, ఒక ఉద్యోగంగా అక్కడ అలా స్థిరపడింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. అమెరికాలోని పేరున్న విశ్వవిద్యాలయాలకు ఈ పరోక్ష వ్యయపు రేటు సగానికి మించి కూడా ఉంటుంది. అదే అమెరికా ఆరోగ్య సంస్థల ధనం నేరుగా విదేశీ సంస్థకు వస్తే ఆ వాటా 8 శాతమే. అయిదేళ్ల ప్రాజెక్టుకు ఒక కోటి రూపాయలు వచ్చాయనుకొందాం. 8 శాతం అంటే 8 లక్షలు; ఏడాదికి లక్షా అరవై వేలు; నెలకు పదమూడు వేల చిల్లర. ఆ డబ్బుతో ఒప్పందం చదివి అర్థం చేసుకోగల మనిషిని కాదు గదా, అనుభవమున్న గుమాస్తాను కూడా పెట్టుకోలేరు. కాని నియమాలు మాత్రం పెద్ద విశ్వవిద్యాలయానికీ మనకూ దాదాపు ఒక్కటే. పేద దేశాల శాస్త్రవేత్తలు లెక్కలు సరిగా చూపరని ఎవరైనా అన్నప్పుడు నాకు ఈ పదమూడు వేలు గుర్తుకు వస్తాయి.

ఇక నమ్మకం చెడిన సందర్భాలకు వస్తాను. మన దేశం అమెరికా నుంచి పీఎల్ 480 అనే చట్టం కింద గోధుమలు కొని, వాటి ధరను రూపాయల్లో చెల్లించేది. ఆ రూపాయలు ఇక్కడే పోగుపడేవి. వాటిలో కొంత వైద్య పరిశోధనకు మళ్లింది. ఆ ధనంతో, ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలసి ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణ విభాగాన్ని నడిపాయి. సంతానశక్తి లేని మగ దోమలను వదిలి దోమల సంతతిని తగ్గించడం దాని లక్ష్యం. శాస్త్రపరంగా అది చక్కని ఆలోచన. 1974లో దాని మీద పత్రికల్లో తీవ్రమైన అనుమానాలు వెలువడ్డాయి. మన దేశానికి పీడ మలేరియా అయితే, పచ్చజ్వరాన్ని మోయగల ఏడిస్ దోమ మీద అంత శ్రద్ధ ఎందుకు? సమాచారం చివరికి ఎవరి చేతికి పోతోంది? జీవాయుధాల ప్రయోగమా ఇది? పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం 1975లో ఇవే ప్రశ్నలు అడిగింది. ఆ ఏడాదే విభాగం మూతపడింది.

ఏడిస్ దోమ మనకు డెంగీ తెస్తుందన్న జవాబు శాస్త్రవేత్తల దగ్గర ఉంది. జీవాయుధాల ఆరోపణను ప్రపంచ ఆరోగ్య సంస్థ తోసిపుచ్చింది. అయితే ఆ జవాబు జనానికి ముందుగా చెప్పవలసినది. అడిగాక చెబితే అది సంజాయిషీ అయిపోతుంది. ఒప్పందంలో ఏముందో, ఫలితాలు ఎవరి సొత్తో, ఈ దోమనే ఎందుకు ఎంచుకొన్నారో తేటతెల్లంగా రాసి, పత్రికలవారిని పిలిచి చెప్పే బాధ్యత ఎవరికీ అప్పగించి ఉండలేదు. ఆ మరుసటి ఏడాది, 1976లో, దేశంలో 64 లక్షలకు పైగా మలేరియా కేసులు నమోదయ్యాయి. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం ఉందని నేను అనను. దోమల మీద మనకు తెలివి అత్యవసరమైన వేళకే ఆ తలుపు మూసుకొన్నదని మాత్రం అంటాను.

ఖమ్మం విషయం మనకు మరీ దగ్గరిది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును అడ్డుకొనే హెచ్‌పీవీ టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో ఎలా అందించవచ్చో చూడడానికి 2009లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ ఒక ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు కలసి నడిపిన ఆ పనికి గేట్స్ ఫౌండేషన్ ధనం ఇచ్చింది. ఖమ్మంలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పది నుంచి పద్నాలుగేళ్ల లోపు బాలికలు సుమారు 14,000 మందికి టీకా వేశారు. వారిలో గిరిజన బాలికలు, ఆశ్రమ పాఠశాలల వసతి గృహాలలో ఉండేవారు ఎందరో. కొన్ని మరణాల వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును నిలిపివేసింది.

విచారణ సంఘం ఆ మరణాలకూ టీకాకూ సంబంధం కనబడలేదని తేల్చింది. కాని అదే విచారణలో బయటపడిన మరొక సంగతి తేలికైనది కాదు. ఎన్నో సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వసతి గృహాల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. ప్రతికూల ప్రభావాలను గమనించి నమోదు చేసే ఏర్పాటు బలహీనంగా ఉంది. ఇది పరిశోధనా, లేక మామూలు టీకా కార్యక్రమమా అన్న మూల ప్రశ్నకే భాగస్వాముల మధ్య స్పష్టత లేదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా ఎండగట్టింది.

ఒక వైద్యుడిగా ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. హెచ్‌పీవీ టీకా సురక్షితమైనది, ప్రయోజనకరమైనది; ఆడపిల్లలున్న తల్లిదండ్రులు మీ వైద్యుడిని అడిగి వేయించండి. కాని ఈ మాట నేను నేడు చెబుతున్నప్పుడు కూడా ఎవరో ఒకరు ఖమ్మం పేరెత్తుతారు. సమ్మతి పత్రం కోయ భాషలో చదివి వినిపించారా, తల్లి వేలిముద్ర తీసుకొన్నారా, ఆ పత్రాన్ని ఎవరు తనిఖీ చేశారు అన్న మూడు ప్రశ్నలను మొదటి వారంలోనే అడిగే ఒక అధికారి ఆ ప్రాజెక్టులో ఉండి ఉంటే, ఈ టీకా మన పల్లెల్లో ఎన్నేళ్లు ముందుగా నిలదొక్కుకొనేదో.

నా అనుభవంలోదీ ఒకటి ఉంది, చిన్నదే. విదేశీ సహాయంతో నడిచే ఒక అధ్యయనంలో నేనూ కొంతకాలం రోగులను చూశాను. పరీక్షకు కావలసిన రసాయనాల పెట్టె మంచులో పెట్టి విదేశం నుంచి వచ్చింది. సుంకం మినహాయింపు పత్రంలో సంస్థ పేరు ఒక విధంగా, ఒప్పందంలో మరొక విధంగా ఉన్నదట. పెట్టె విమానాశ్రయ గిడ్డంగిలోనే ఉండిపోయింది. మా చేతికి అందేసరికి మంచు లేదు, రసాయనాలూ పనికిరావు. ఆ నెలంతా రక్తం ఇచ్చిన రోగుల నమూనాలను పారబోశాము. సూది గుచ్చించుకొన్న ఆ మనుషులకు ఎవరం ఏమీ చెప్పలేదు. ఆ తప్పు ఫలానా వారిదని చెప్పలేను. అది ఎవరి పనీ కాదు గనుకనే జరిగింది.

ఇలాంటి కార్యాలయాన్ని కొత్తగా పెట్టాలంటే ఎలా? మన సంస్థలలో సాధారణంగా జరిగేది ఏమిటంటే, జమాఖర్చుల విభాగంలో ఒక బల్ల వేసి, దాని మీద విదేశీ ప్రాజెక్టులు అని పలక పెడతారు. అది చాలదు. జమాఖర్చుల వారు ఖర్చయిన తరువాత లెక్క చూస్తారు. ఈ కార్యాలయం దరఖాస్తు రాసే రోజునే పుట్టాలి. విదేశీ భాగస్వామ్యంతో జరిగే ఆరోగ్య పరిశోధనకు ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలక సంఘం అనుమతి కావాలి. నైతిక సంఘం ఆమోదం కావాలి. ఔషధ ప్రయోగమైతే మొదటి రోగిని చేర్చుకోక ముందే జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2009 జూన్ నుంచి అది తప్పనిసరి. రక్త నమూనాలు దేశం దాటాలంటే వేరే ఒప్పందం రాసుకోవాలి. ఒప్పందం పౌండ్లలోనో డాలర్లలోనో ఉండి, జీతాలు రూపాయల్లో ఇవ్వవలసి వస్తే మారకపు రేటు తేడా ఎవరు భరిస్తారో ముందే తేల్చుకోవాలి. రోగికి హాని జరిగితే పరిహారం ఎవరిదో రాసి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటీ శాస్త్రవేత్తకు చదువులో నేర్పినది కాదు.

అందుకే మొదటి నియామకం కీలకం. విజ్ఞానశాస్త్రంలో పరిశోధన చేసి, లెక్కల భాష కూడా నేర్చుకొన్న మనిషి కావాలి. పదవీ విరమణ చేసినవారికి ఆశ్రయంగా ఈ పదవిని వాడుకోవడం నాకు నచ్చదు. నేనే పదవీ విరమణ చేసినవాడిని గనుక ఈ మాట అనే హక్కు నాకుంది. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం ఇలాంటి కార్యాలయాన్ని మన దేశంలో ముందుగా నెలకొల్పిన సంస్థలలో ఒకటి. మన హైదరాబాదుకూ ఇందులో వాటా ఉంది. బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు, మన కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలసి 2008లో ఇండియా అలయన్స్ అనే సంస్థను స్థాపించాయి. దాని కార్యాలయం బంజారా హిల్స్‌లో ఉంది. దేశమంతటా వైద్య, జీవశాస్త్ర పరిశోధకులకు అది ఫెలోషిప్పులు ఇస్తుంది. ఇచ్చిన ధనాన్ని సంస్థలు సరిగా నిర్వహించలేక శాస్త్రవేత్తలు సతమతమవుతున్నారని గమనించి, 2018లో పరిశోధన నిర్వహణను పెంపొందించే ప్రత్యేక కార్యక్రమాన్ని కూడా ప్రారంభించింది. ధనమిచ్చే చేయి, లెక్క రాసే చేతికి కూడా శిక్షణ ఇవ్వాలని అనుకోవడం మన దేశంలో కొత్త మాటే.

ఆఫ్రికా ఇంకా పెద్ద అడుగు వేసింది, దెబ్బా తిన్నది. 2015లో నైరోబీలోని ఆఫ్రికా విజ్ఞాన అకాడమీలో, ఆఫ్రికా పరిశోధనకు వచ్చే విదేశీ ధనాన్ని ఆఫ్రికావారే పంచి నిర్వహించాలన్న ఉద్దేశంతో ఒక విభాగం ఏర్పడింది. లండనులో జరిగే నిర్ణయాలు నైరోబీకి మారాయి. కొన్నేళ్లకే అకాడమీ నిర్వహణ పైన వివాదాలు చెలరేగి, 2021లో దాతలు తమ ఒప్పందాలను ముగించుకొంటామన్నారు. అంతా కూలిపోయిందనుకొన్నారు. కాని ఆ విభాగంలో పని నేర్చినవారు సైన్స్ ఫర్ ఆఫ్రికా ఫౌండేషన్ అనే కొత్త సంస్థ ద్వారా కార్యక్రమాలను కొనసాగించారు. నిధుల నిర్వహణ ఎలా ఉండాలో చెప్పే ఒక ప్రమాణాన్ని 2018లో ఆఫ్రికా ఖండమంతటికీ వర్తించేలా రూపొందించారు. ఒకసారి ఆ ప్రమాణం ప్రకారం పరీక్షకు నిలబడిన సంస్థను దాత తరువాత దాత వచ్చి మళ్లీ మళ్లీ తనిఖీ చేయనక్కరలేదన్నది ఆలోచన. మనకు అలాంటిది ఇంకా లేకపోవడం లోటే.

మన దేశంలో విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించారు. స్వచ్ఛంద సంస్థలు విదేశీ ధనాన్ని ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే పుచ్చుకోవాలి. దాన్ని మరొక సంస్థకు బదిలీ చేయరాదు. పరిపాలన ఖర్చు 20 శాతం దాటరాదు. అంతకు ముందు ఆ పరిమితి 50 శాతం. ఒక పెద్ద సంస్థ ధనం తెచ్చి, గ్రామాలలో పనిచేసే అయిదారు చిన్న సంస్థలకు పంచి అధ్యయనం చేసే పాత పద్ధతి దీనితో ఆగిపోయింది. విదేశీ ధనం మీద నిఘా అవసరం లేదని నేను అనను. దోమల విభాగం కథ చెప్పినవాడిని అలా ఎలా అంటాను? కాని నిఘా పెరిగిన కొద్దీ, దానికి జవాబు చెప్పగల మనుషుల జీతం పద్దు తగ్గిపోవడం విడ్డూరంగా ఉంది. 2025 మేలో అమెరికా ఆరోగ్య సంస్థలు కూడా తమ దేశపు విశ్వవిద్యాలయాల ద్వారా విదేశీ భాగస్వాములకు ఉప నిధులు ఇచ్చే పద్ధతిని నిలిపివేసి, కొత్త విధానం తెస్తామన్నాయి. కారణం, ఆ ఉప నిధుల జాడ తమకు సరిగా తెలియడం లేదని.

రేపు ఎవరైనా మీ ఇంటికో మీ పిల్లల బడికో వచ్చి అధ్యయనం కోసం రక్తం ఇమ్మంటే, లేదా టీకా వేస్తామంటే, వారి చేతిలో తెలుగులో రాసిన సమాచార పత్రం ఉండాలి. ధనం ఎవరిది, నమూనా ఎక్కడికి పోతుంది, హాని జరిగితే ఎవరు చూసుకొంటారు అన్నవి అందులో ఉంటాయి. ఇష్టం లేకపోతే మధ్యలో మానుకోవచ్చన్న వాక్యమూ ఉంటుంది. చివర నైతిక సంఘం ఫోను నంబరు ఉంటుంది. సంతకం చేయక ముందు ఆ నంబరుకు ఒకసారి ఫోను చేయండి. ప్రయోగమైతే దాని రిజిస్ట్రీ సంఖ్య అడిగి రాసుకోండి. ఆ రిజిస్ట్రీని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. పత్రం ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోవడం మీ హక్కు.